పిల్లల పనిలోకి వస్తున్నారా? ఏ పేరుతో చేరాలో ముందే తేల్చుకోండి

మూడేళ్ల పాపకు అన్నం తినిపించి, మూతి తుడిచి, రంగులు చెప్పి, మధ్యాహ్నం కాసేపు జోకొట్టి పడుకోబెట్టే మనిషిని ఊళ్లో అంగన్‌వాడీ టీచరంటాం. అదే పని కూకట్‌పల్లి ప్లేస్కూల్లో చేస్తే మేడం. ఆ మేడం పక్కనే ఉండి పిల్లల్ని బాత్రూముకు తీసుకెళ్లే ఆమె ఆయమ్మ. గచ్చిబౌలి ఫ్లాట్‌లో చేస్తే నానీ, లేదా ఉత్తినే ‘పిల్లాణ్ణి చూసుకునే ఆమె’. పని చాలావరకు ఒకటే. జీతం, సెలవులు, పని మానేసిన రోజున చేతికొచ్చే డబ్బు, అన్యాయం జరిగితే తట్టాల్సిన తలుపు మాత్రం పేరును బట్టి మారిపోతాయి.

ఈ తేడా ప్రభుత్వ లెక్కల్లోనూ ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తుల పట్టికలో చిన్నపిల్లల టీచరుకు 2342 అంకె ఇచ్చారు. అంటే డాక్టర్లు, ఇంజినీర్లు ఉన్న రెండో వర్గం. పిల్లల్ని చూసుకునేవాళ్లది 5311, టీచరుకు సాయపడేవాళ్లది 5312. ఇవి రెండూ సేవలు, అమ్మకాల వర్గంలోకి వస్తాయి. ఇళ్లలో ఊడ్చి తుడిచేవాళ్లది 9111, అన్నిటికంటే కింది వర్గం. మన దేశం 2015లో తయారుచేసుకున్న వృత్తుల వర్గీకరణకూ ఇదే పునాది. పిల్లాణ్ణి చూసుకోవడానికని చేరిన ఆమెతో నెల తిరిగేసరికి అంట్లు కూడా తోమిస్తే, ఆమె ఐదో వర్గం నుంచి తొమ్మిదో వర్గానికి జారినట్టే. అలా జారిన సంగతి ఏ కాగితం మీదా కనపడదు.

ఈ పనుల్లోకి రావాలనుకునే అమ్మాయిలు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: “ఏది మంచి ఉద్యోగం?” పిలుపు ఎంత గౌరవంగా ఉందన్నది పక్కన పెట్టి, దాని వెనక ఏ చట్టం ఉందో, ఏ కాగితం చేతికొస్తుందో చూసి ఎంచుకోమంటాను. ఒక్కో దారినీ ఆ కొలతతోనే చూద్దాం.

అంగన్‌వాడీ: పేరు పెరిగింది, హోదా అక్కడే ఉంది

అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి. పల్లెలో పిల్లలతో పనిచేయాలనుకునే ఆడపిల్లకు ముందు కనిపించే దారి ఇదే. మగవాళ్లకు ఈ దారి లేదు, ఇవి మహిళలకే ఇచ్చే పోస్టులు.

మొదట్నుంచీ వీళ్లను వర్కర్లు, కార్యకర్తలు అనే పిలిచారు. తెలంగాణ ప్రభుత్వం 2017లో వర్కర్ అన్న మాట తీసేసి ‘అంగన్‌వాడీ టీచర్’ అని మార్చింది. ఆంధ్రలోనూ జనం నోట టీచరే. మంచి మార్పే. పూర్వ ప్రాథమిక విద్య చెప్పే మనిషిని టీచర్ అనకపోతే ఇంకేమంటాం? అయితే పేరుతోపాటు సర్వీసు మారలేదు. చేతికొచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. అందులో 2018 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన మొత్తం వర్కరుకు 4,500, హెల్పరుకు 2,250 రూపాయలు. మిగతాది రాష్ట్రం కలుపుతుంది. ఆంధ్రప్రదేశ్ 2019లో మొత్తం 11,500 చేసింది, హెల్పరుకు 7,000. తెలంగాణ 2021లో టీచరుకు 13,650, హెల్పరుకు 7,800 చేసింది. దరఖాస్తు చేసే ముందు అప్పటి తాజా జీవో చూసుకోండి.

ప్రభుత్వ ఉద్యోగమనే ఆశతో చేరేవాళ్లు ఒక విషయం తెలుసుకుని చేరాలి. కర్ణాటక నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2006లో, అంగన్‌వాడీ వర్కర్లది ప్రభుత్వ సివిల్ పోస్టు కాదని తేల్చింది. పీఆర్సీ, పెన్షన్, ప్రభుత్వోద్యోగి హోదా లేకపోవడానికి మూలం అక్కడుంది. 2022 ఏప్రిల్ 25న గుజరాత్‌లోని దాహోద్ జిల్లా కేసులో అదే కోర్టు ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. అంగన్‌వాడీ వర్కర్లకు, హెల్పర్లకు అప్పుడు అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం (పని మానేటప్పుడు చేసిన ఏళ్లను బట్టి ఇచ్చే మొత్తం) వర్తిస్తుందని. ఆహార భద్రత చట్టం కింద, విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్ కింద వీళ్లు చేస్తున్న పనిని కోర్టు చూసింది. గౌరవ వేతనం అని పేరు పెట్టినా అది వేతనమేనంది. ఇరవై ఏళ్లు చేసిన ఆమె ఆఖరి నెల వేతనం 11,500 అయితే, దాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఇరవైతో హెచ్చిస్తే లక్షా ముప్పై రెండు వేల పైచిలుకు వస్తుంది. ఈ లెక్క ప్రతి టీచరుకూ, ప్రతి ఆయాకూ నోటికి వచ్చి ఉండాలి. ఎందుకంటే అడగకుండా వచ్చే డబ్బు కాదిది.

ఆ తర్వాత జరిగింది కూడా తెలుసుకోవాలి. వేతన పెంపు, గ్రాట్యుటీ కావాలని 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. అది 42 రోజులు సాగింది. మధ్యలో జనవరిలో ప్రభుత్వం ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించింది. నెలనెలా డబ్బిచ్చే వేళ సేవ చేసే కార్యకర్తలు, సమ్మె చేసినప్పుడు మాత్రం ఆపడానికి వీల్లేని అత్యవసర సేవ! ఈ రెండూ కలిపి చూస్తే ఆ పేరులో ఎంత లోటుందో తెలుస్తుంది. ఆ 42 రోజులూ రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్లంటే నాకు చాలా గౌరవం. మీరు చేరితే వాళ్లు సాధించినదాని మీద నిలబడతారు, యూనియన్‌లో సభ్యత్వం తీసుకోవడం మరచిపోకండి.

పని సంగతి. ఆటపాటలతో చదువు చెప్పడం సగం. బరువు, ఎత్తు కొలవడం, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించడం, బాలామృతం పంచడం, గర్భిణుల ఇళ్లకు వెళ్లడం, పైనుంచి వచ్చే సర్వేలు, చాలాచోట్ల ఎన్నికల బూత్ లెవల్ ఆఫీసర్ పని, ఇవన్నీ కలిపితే మిగతా సగం. రోజంతా పిల్లలతోనే ఉండాలన్న కోరికతో వచ్చేవాళ్లు మొదటి ఆర్నెల్లలో నిరాశపడేది ఇక్కడే. ఊరందరికీ కావలసిన మనిషి కావాలనుకునేవాళ్లకు మాత్రం ఇంతకు మించిన పని లేదు.

లాభాలూ చిన్నవేం కావు. సొంత ఊళ్లో పని, 180 రోజుల ప్రసూతి సెలవు, పైకి వెళ్లే మెట్టు. 2022 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అయిదేళ్లు చేసిన హెల్పర్లకు వర్కర్ పోస్టుల్లో సగం, అయిదేళ్లు చేసిన వర్కర్లకు సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం కేటాయించాలి, తగిన చదువుంటే. అందుకే హెల్పరుగా చేరే అమ్మాయికి నేను చెప్పేది, ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తి చెయ్యమని. ఆంధ్రప్రదేశ్ నోటిఫికేషన్లు చాలాకాలంగా పదో తరగతి పాసై, 21 నుంచి 35 ఏళ్ల మధ్య ఉన్న స్థానిక వివాహితల్ని అడుగుతూ వచ్చాయి. తెలంగాణ ఇంటర్ అడుగుతోంది. కేంద్రం లెక్క కూడా ఇంటరే. ఆంధ్ర కూడా ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి రాక తప్పదు.

ప్లేస్కూల్ టీచర్: మేడం అన్న పిలుపు వెనక

పట్నంలో ఇంటర్, డిగ్రీ చదివిన అమ్మాయిలు ఎక్కువగా వెళ్లేది ఇటే. చీర కట్టుకుని, ఐడీ కార్డు వేసుకుని వెళ్లే ఉద్యోగం. అత్తింట్లో అభ్యంతరం ఉండదు, సొంత పిల్లాణ్ణి అదే స్కూల్లో చేర్చుకోవచ్చు, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఇవన్నీ నిజమైన లాభాలే, వీటిని తక్కువ చెయ్యను.

కానీ టీచర్ అన్న పేరుకు చట్టంలో ఒక చిక్కుంది, చేరేవాళ్లలో చాలామందికి అది తెలియదు. టీచర్ అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పే ‘వర్క్‌మన్’ (కార్మికుడు) కాదని సుప్రీంకోర్టు 1988లో తీర్పునిచ్చింది. కాబట్టి ఉన్నట్టుండి తీసేస్తే కార్మిక వివాదంగా కేసు వేసే దారి టీచరుకు మూసుకుపోయింది. అదే స్కూల్లో ఆయమ్మకు ఆ దారి ఉంది. గ్రాట్యుటీ విషయంలోనూ 2004లో కోర్టు టీచర్లు చట్టం పరిధిలోకి రారంది. పార్లమెంటు 2009లో సవరణ చేసి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా వాళ్లను లోపలికి తెచ్చింది. ప్రైవేటు స్కూళ్లు దాని మీద కోర్టుకెళ్తే 2022 ఆగస్టులో ఓడిపోయాయి. పైమెట్టు మీద ఉన్నట్టు కనిపించే పేరుకు కింద ఆసరా తక్కువ ఉండొచ్చన్నమాట. అందుకే ప్లేస్కూల్ టీచరుకు నియామక పత్రం ప్రాణంతో సమానం. అందులో జీతం, నోటీసు కాలం, వేసవి నెలల జీతం రాసి ఉండాలి. ఏప్రిల్‌లో ఆపి జూన్‌లో మళ్లీ చేర్చుకునే స్కూళ్లు చాలానే ఉన్నాయి. అలా ప్రతి ఏడూ కొత్తగా చేరినట్టు చూపితే గ్రాట్యుటీకి కావలసిన అయిదేళ్లు కలవలేదని వాదించడానికి వాళ్లకు వీలవుతుంది.

అర్హత సంగతి కూడా తికమకగా ఉంది. టీచర్ అర్హత పరీక్ష (టెట్) ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాకానే, నర్సరీకి అక్కర్లేదు. గల్లీ గల్లీలో ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్) సర్టిఫికెట్లు అమ్ముతున్నారు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) గుర్తించిన కోర్సు వేరు, రెండేళ్ల డీపీఎస్ఈ, అంటే ప్రీస్కూల్ ఎడ్యుకేషన్ డిప్లొమా. తెలంగాణలో డీఈఈసెట్ రాసి అందులో చేరొచ్చు. ఎన్‌టీటీకి డబ్బు కట్టే ముందు ఆ సంస్థకు ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందేమో చూడండి. లేకపోతే అది మీ చుట్టుపక్కల నాలుగు స్కూళ్లలో చెల్లే కాగితం మాత్రమే. మాంటిస్సోరి మాట కూడా అంతే, ఆ పేరు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. మరియా మాంటిస్సోరి స్వయంగా 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆ పరంపరలోని ఏఎంఐ (అంతర్జాతీయ మాంటిస్సోరి సంఘం) డిప్లొమా ఒకటి, వారం రోజుల వర్క్‌షాపు ఇంకొకటి. రెండోదానితో ‘మాంటిస్సోరి టీచర్’ అని రాసుకోకండి. తెలిసిన తల్లిదండ్రులు రెండు ప్రశ్నల్లో పట్టేస్తారు.

చేరబోయే గదిలో ఎంతమంది పిల్లలో తప్పక అడగండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవైమందికి ఒక టీచరు, మూడేళ్ల లోపువాళ్లు పదిమందికి ఒకరు, ఇదీ జాతీయ ప్రమాణం. నలభైమందిని ఒక్కరికే అప్పజెప్పే చోట మీ పేరు ఏదైతేనేం, పిల్లలకు మీరు అందుబాటులో ఉండలేరు.

తెలంగాణలో 2025–26 నుంచి కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోనూ ప్రీ-ప్రైమరీ తరగతులు మొదలయ్యాయి. అక్కడి పేరు ఇన్‌స్ట్రక్టర్. టీచర్ కాదు, అంగన్‌వాడీ కాదు. చేరే ముందు అది ఎన్ని నెలల పనో, సెలవుల్లో డబ్బు ఇస్తారో లేదో అడగండి.

ఆయమ్మ, నానీ, బేబీ కేర్: గోడల మధ్య పని

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది ఇక్కడ. పనిస్థలం ఒకరి ఇల్లు, చూసే మనిషి ఉండడు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఉద్యోగాలు చేసే జంటల ఇళ్లలో మంచి ఆయమ్మకు ప్లేస్కూల్ టీచరు కంటే ఎక్కువే ముడుతుంది. అయినా పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు “స్కూల్లో టీచర్” అంటారు గానీ “ఒక ఇంట్లో పాపను చూసుకుంటుంది” అని ఎవరూ అనరు. ఈ సిగ్గు పోవాలి. ఆరు నెలల బిడ్డకు ఏ ఏడుపు ఆకలిదో, ఏది కడుపునొప్పిదో గుర్తుపట్టడం నేర్చుకుంటే వచ్చే విద్య, పుస్తకంలో దొరికేది కాదు.

చదువు లేని పని అన్న మాట కూడా చెల్లదు. జాతీయ నైపుణ్య వ్యవస్థలో చైల్డ్ కేర్‌టేకర్ అనే ఉద్యోగానికి ప్రమాణాలు రాసి ఉన్నాయి, శిక్షణకు సర్టిఫికెట్ వస్తుంది. చేతిలో ఆ కాగితం ఉంటే ఏజెన్సీతో బేరం మాట్లాడే గొంతే వేరుగా ఉంటుంది.

చట్టం మాత్రం ఇక్కడ పల్చన. ఇంటి పనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను మన దేశం ఇంకా ఆమోదించలేదు. ఉన్నవి రెండు మూడు ఆధారాలు. అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డు, 16 నుంచి 59 ఏళ్లవాళ్లు తీసుకోవచ్చు. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఇంట్లో పనిచేసే మహిళలకూ వర్తిస్తుంది, ప్రతి జిల్లాలోనూ ఉండాల్సిన స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు పక్కవాళ్లకు చెప్పండి.

మిగతాదంతా మీరు మొదటి రోజు రాయించుకునే కాగితంలో ఉంది. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద ఇద్దరి సంతకాలు, లేదా కనీసం వాట్సాప్ సందేశం. ఏం రాయాలంటే: పని పేరు ‘పిల్లల సంరక్షణ’. పిల్లాడి బట్టలు, పాల సీసాలు, తిండి, స్నానం, ఆట, నిద్ర ఇందులోకి వస్తాయి. ఇంటిల్లిపాదికీ వంట, అంట్లు, ఇల్లు తుడవడం రావు, చెయ్యాలంటే వేరే డబ్బు. ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు వెళ్లాలి, ఆలస్యమైతే గంటకెంత. వారానికో రోజు సెలవు. వాళ్లు ఊరెళ్లిన నెలలో జీతం ఇస్తారా లేదా. ఇంట్లో కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయి. మందు వెయ్యాల్సి వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి. మానేయాలన్నా, మాన్పించాలన్నా ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఇవన్నీ అడిగితే పని ఇవ్వరేమోనని భయపడతారు. చిన్న బిడ్డను అప్పగించే తల్లిదండ్రులు పద్ధతి తెలిసిన మనిషినే కోరుకుంటారు, వెనక్కి తగ్గేవాళ్లు ఎలాగూ అంట్లు తోమించేవాళ్లే.

ఏజెన్సీ ద్వారా వెళ్తే జీతం మీ చేతికా, ఏజెన్సీ చేతికా అన్నది ముందు తేల్చుకోండి. ఆధార్, సర్టిఫికెట్ల అసలు కాపీలు ఎవరికీ ఇవ్వొద్దు.

కువైట్ వైపు చూసే కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల అక్కాచెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ వీసా మీద ఉన్న పేరే మీ బతుకు. ఇంటి పనివాళ్లకిచ్చేది 20 నంబరు వీసా, కంపెనీ ఉద్యోగులది 18. “పిల్లల్ని చూసుకోవడమే పని, నర్సరీలో టీచరు కూడా కావచ్చు” అని ఏజెంటు చెప్పినా, చేతిలో 20 ఉంటే మీరు ఖద్దామానే (ఇంటి పనిమనిషి), ఆ ఇంటి పనంతా మీదే. కువైట్‌లో 2015 నాటి 68వ చట్టం ఇంటి పనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించకుండా పని, వారపు సెలవు, ఏటా జీతంతో సెలవు ఇవ్వాలంటోంది. ఒప్పందం చదివించుకుని వెళ్లండి. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి అని ముద్ర ఉన్న) పాస్‌పోర్టు గల మహిళలు ఇంటి పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. అలాంటి సంస్థలు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఉన్నాయి. విజిట్ వీసా మీద పంపిస్తానన్న ఏజెంటుతో ఇంకో మాట మాట్లాడొద్దు.

అమెరికాలో ఉన్న తెలుగు ఆడపడుచుల సంగతి వేరు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకిచ్చే) వీసా మీద ఉండి, ఈఏడీ (పని అనుమతి పత్రం) లేకుండా పక్కింటి పిల్లల్ని డబ్బుకు చూసుకుంటే, దాన్ని బేబీ సిట్టింగ్ అన్నా సాయం అన్నా అక్కడి చట్టం దృష్టిలో అనుమతి లేని ఉద్యోగమే. పని అనుమతి ఉన్నవాళ్లకు సీడీఏ అనే పిల్లల సంరక్షణ సర్టిఫికెట్ మంచి మెట్టు: 120 గంటల శిక్షణ, 480 గంటల అనుభవం ఉంటే వస్తుంది, ఇంటర్‌కు సమానమైన చదువు చాలు. సొంత ఇంట్లో డేకేర్ పెట్టాలంటే లైసెన్సు నిబంధన రాష్ట్రానికో రకం.

ఆఫీసు క్రెష్‌లు

2017 ప్రసూతి చట్ట సవరణ తర్వాత 50మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలు క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లల్ని పని వేళల్లో చూసుకునే చోటు) ఏర్పాటు చెయ్యాలి. హైటెక్ సిటీ చుట్టుపక్కల ఈ ఉద్యోగాలు పెరిగింది అందుకే. ఇంటి ఆయమ్మ పనికీ స్కూలు టీచరు పనికీ మధ్య రకం ఇది. చుట్టూ నలుగురు ఉంటారు, పీఎఫ్, ఈఎస్‌ఐ దొరికే వీలుంది. నడిపేది ఎక్కువగా కాంట్రాక్టు సంస్థ కాబట్టి, కంపెనీ పేరు చూసి మురిసిపోకుండా జీతం పత్రం మీద ఎవరి పేరుందో చూడండి. ప్రభుత్వం వైపు నుంచి పాత జాతీయ క్రెష్ పథకం 2022లో ‘పాల్నా’గా మారింది, అంగన్‌వాడీలకు జోడించిన క్రెష్‌లు అందులో భాగం. ఊళ్లో అలాంటిది వస్తోందంటే దరఖాస్తు పెట్టండి.

స్పెషల్ ఎడ్యుకేటర్: చట్టం కాపలా కాసే పేరు

వైకల్యం, ఎదుగుదల ఇబ్బందులు ఉన్న పిల్లలకు నేర్పే టీచరే స్పెషల్ ఎడ్యుకేటర్. ఈ వ్యాసంలో ఉన్న పేర్లన్నిటిలో ఎవరు పడితే వాళ్లు పెట్టుకోవడానికి వీల్లేనిది ఇదే. 1992 నాటి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) చట్టం ప్రకారం గుర్తింపు పొందిన కోర్సు చదివి, కేంద్ర రిజిస్టరులో పేరెక్కి, సీఆర్ఆర్ నంబరు తెచ్చుకున్నవాళ్లే ఈ పని చెయ్యాలి. రిజిస్ట్రేషన్ లేకుండా చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మన అదృష్టం కొద్దీ ఈ రంగంలో దేశంలోనే పేరున్న సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన జాతీయ సంస్థ అది, అప్పట్లో ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ.

ఇంటర్ పాసై, పిల్లల పనినే జీవితాంతం చెయ్యాలనుకునే అమ్మాయైనా అబ్బాయైనా సరే, రెండేళ్లు చదవడానికి ఇంట్లో ఒప్పుకుంటే నేను మొదట చూపించేది ఈ దారే. మగపిల్లలకు తలుపులు తెరిచి ఉన్న పని. చదువు దేశమంతా చెల్లుతుంది, ఊరు మారినా నంబరు మారదు. మాటలు ఆలస్యమైన పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వాళ్ల తల్లులు బస్సులు మారి నగరాలకు తిరుగుతున్నారు. జిల్లా కేంద్రంలో ఒక నిజమైన స్పెషల్ ఎడ్యుకేటర్ ఉంటే ఎన్ని ఇళ్లకు ఊరటో.

ఆ తల్లులను మోసం చేసేవాళ్లూ ఉన్నారు. మూణ్నెల్ల ఆన్‌లైన్ కోర్సు చేసి ‘థెరపిస్ట్’ అని బోర్డు పెట్టుకోవద్దు. అలాంటి సెంటర్లో ‘షాడో టీచర్’గా (ఒక్క పిల్లాడి పక్కనే ఉండి సాయపడే మనిషిగా) చేరితే, మీరు చేసేది సహాయకురాలి పని అని తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పండి.

హౌస్ మదర్

ఎవరూ లేని పిల్లలు ఉండే శిశుగృహలు, బాలసదనాలు, ఎస్ఓఎస్ లాంటి బాలల గ్రామాల్లో ఉండి చేసే పని ఇది. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ ఎస్ఓఎస్ ఉంది. అక్కడ తల్లి అన్నదే ఉద్యోగం పేరు. ఎవరూ లేని పిల్లలకు ఒక మనిషి నిలకడగా కావాలన్న ఆలోచనతో 1949లో ఆస్ట్రియాలో పుట్టిన పద్ధతి అది. పేరులోనే తల్లి ఉన్నప్పుడు సెలవు అడగడానికి నోరు రాదు, రాత్రి లేచి చేసే పని డ్యూటీ లెక్కలోకే రాదు. సొంత పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నవాళ్లకు నేను దీన్ని సూచించను. పిల్లలు స్థిరపడినవాళ్లు, ఒంటరి మహిళలు, మనసుంటే వెళ్లండి, కానీ సెలవులు, పీఎఫ్, పని మానేశాక ఉండటానికి చోటు, ఈ మూడూ కాగితం మీద చూసుకునే వెళ్లండి. ఆ సంస్థకు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ లేకపోతే గడప తొక్కొద్దు.

మరి మీకేది?

పదో తరగతి (తెలంగాణలో అయితే ఇంటర్), సొంత ఊరు వదలలేని పరిస్థితి ఉంటే అంగన్‌వాడీ. హెల్పరుగా అయినా చేరి పైకి రావచ్చు. ఇంటరయ్యి, ఇంట్లో రెండేళ్లు ఆగగలిగితే స్పెషల్ ఎడ్యుకేషన్, లేదంటే డీపీఎస్ఈ. సొంత బిడ్డ చిన్నగా ఉండి, కొన్నేళ్లకే పని కావాలంటే ప్లేస్కూల్, జీతం తక్కువని తెలిసే చేరండి. నెలనెలా డబ్బు వెంటనే కావాలి, చదువు లేదు అంటే ఇంటి పనిలో పిల్లల సంరక్షణ, కాగితం రాయించుకుని. ప్లేస్కూల్ టీచరుకీ మంచి ఇంట్లో ఆయమ్మ పనికీ మధ్య ఊగిసలాడేవాళ్లకు నా సలహా చాలామందికి నచ్చదు: డబ్బే అవసరమైతే ఆయమ్మ పనికే వెళ్లండి. మేడం అన్న పిలుపు ఇంటద్దె కట్టదు. డీపీఎస్ఈ దాకా చదవాలన్న ఉద్దేశం ఉంటే మాత్రం స్కూలు, ఎందుకంటే అక్కడి అనుభవం ఆ చదువుకు కలిసొస్తుంది.

ఏ పేరుతో చేరినా తప్పించుకోలేని బాధ్యత ఒకటుంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆర్నెల్ల దాకా శిక్ష. “నేను ఆయమ్మనే, మేడం చూసుకుంటుంది” అంటే చెల్లదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఫోనులో పెట్టుకోండి.

ఇక బయోడేటాలో ఏం రాయాలి? నియామక పత్రంలో ఉన్న పేరే రాయండి, దాని పక్కన చేసిన పని వివరంగా: ఏ వయసు పిల్లలు, ఎంతమంది, ఎన్నేళ్లు, ఏమేం చేశారు. ‘ఆయా, రెండేళ్ల లోపు ఎనిమిదిమంది పిల్లలు, నాలుగేళ్లు, తిండి, నిద్ర, టాయిలెట్ శిక్షణ’ అన్న వాక్యం ‘చైల్డ్ కేర్ ఎక్స్‌పర్ట్’ అన్నదానికంటే పదిరెట్లు విలువైనది. మానేసే రోజున అనుభవ పత్రం అడిగి తీసుకోండి, ఇంటివాళ్ల దగ్గరైనా సరే, చేరిన తేదీ, మానేసిన తేదీ, పని పేరు, వాళ్ల సంతకంతో. ఆఖరి నెల జీతం చేతిలో పడకముందే అడగండి, తర్వాత ఫోన్లు ఎత్తరు.